కంకర పడితే రోడ్డే

గుట్టపాడు శాఖా గ్రంథాలయం ముందు ఏ మొక్కా బతకదని గుట్టపాడులో అందరికీ తెలుసు. తెలియనిది పైవాళ్ళకే. వాళ్ళు జిల్లా కేంద్రంలో చల్లటి గదిలో కూర్చుని ‘స్వాగత హరితం’ అనే పథకం తయారు చేశారు. ఉగాది దాటాక తనిఖీ జరుగుతుందనీ, ముఖద్వారం దగ్గర పచ్చదనం కనిపించని గ్రంథాలయాలను పక్క ఊళ్ళ గ్రంథాలయాల్లో విలీనం చేస్తామనీ ఉత్తర్వు పంపారు. పచ్చదనానికీ చదువుకూ ఉన్న సంబంధం ఏమిటో అందులో రాయలేదు. ‘హరిత ముఖద్వారం పాఠకుని మానసిక ఆర్ద్రతకు తొలి మెట్టు’ అని మాత్రం రాశారు.

ఆ మెట్టు ఎక్కాల్సింది అలివేలు ఒక్కతే. ఆ గ్రంథాలయానికి అధికారీ ఆమే, గుమాస్తా ఆమే, పొద్దున్నే తలుపులు తీసి చీపురు పట్టేదీ ఆమే. ఉన్నది ఒక పెద్ద గది, కొన్ని బీరువాలు, కొన్ని బల్లలు. పొద్దున పేపర్ల కోసం పింఛనుదార్లు వస్తారు. మధ్యాహ్నం మిషనుకు కాస్త విశ్రాంతి ఇచ్చి దర్జీ మౌలాలి వస్తాడు. అతనికి డిటెక్టివు నవలలు తప్ప మరోటి పడదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు మూల బల్ల దగ్గర చేరి సాయంత్రం దాకా కదలరు. ఇళ్ళలో టీవీ మోత, చంటిపిల్లల గోల, పుస్తకం తీయగానే గుర్తొచ్చే పనులు. ఇక్కడ ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఈ గది మూసేసి పుస్తకాలు పక్క ఊరు చెన్నాపురం తరలిస్తే, అంత దూరం ఆ పిల్లల్ని ఏ తల్లీ పంపదు. ఉత్తర్వు చదివిన రోజు అలివేలుకు అన్నం సహించలేదు.

గ్రంథాలయం గోడకూ వీధికీ నడుమ, మంచం అడ్డంగా వేస్తే సరిపోయేంత వెడల్పున, పొడుగాటి పట్టీలాగా కొంత నేల ఉంది. దక్షిణపు ముఖం. పొద్దున ఎక్కిన ఎండ సాయంత్రం దాకా దిగదు. అది దిగిపోయాక, అంతసేపూ దాచుకున్న వేడిని గోడ మెల్లగా బయటికి వదులుతుంది. అలివేలుకు ముందు పనిచేసినాయన అక్కడ గులాబీలు పెట్టించాడు. ఆయన బదిలీ కన్నా ముందే అవి వెళ్ళిపోయాయి. తరువాత అలివేలు క్రోటన్లు పెట్టింది. వాటి రంగురంగుల ఆకులన్నీ నెల తిరక్కుండానే ఎండుగడ్డి రంగులోకి వచ్చేశాయి. పచ్చిక వేస్తే అది నిజంగానే ఎండుగడ్డి అయింది, ఎదురింటి బర్రె వచ్చి తినిపోయింది. నీళ్ళు పోయలేదా అంటే, మనుషులు బిందెల దగ్గర జుట్లు పట్టుకునే ఊళ్ళో క్రోటనుకు నీళ్ళు పోసే ధైర్యం ఎవరికుంటుంది?

ఉత్తర్వు అందుకున్న తక్కిన గ్రంథాలయాలు తెలివిగా గట్టెక్కాయి. ఒకచోట ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఒకచోట సిమెంటు గచ్చుకు ఆకుపచ్చ రంగు పూసి, ఫోటో కాస్త దూరం నుంచి తీశారు. ఇంకోచోట పెళ్ళిపందిట్లో పెట్టే కుండీలు తెచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో గ్రంథాలయం ముందు పెట్టుకున్నారు. ఈ సలహాలన్నీ అలివేలుకూ అందాయి. కాని ఆమెకు ఒక పిచ్చి ఉంది. మొక్క అంటే అది ఎదగాలంటుంది.

ఉపాయం ఆమెకు రైల్వే గేటు దగ్గర దొరికింది. గూడ్సు బండి ఎంతకీ రాకపోతే అందరితోపాటు నిలబడి చూస్తూ ఉంది. పట్టాల పక్కన, నిప్పుల్లాంటి కంకరలో, నిండా పచ్చటి పూలతో ఒక తంగేడు చెట్టు ఉంది. దానికి నీళ్ళు పోసే నాథుడు లేడు. దాన్ని పట్టించుకునే పథకమూ లేదు. అలివేలు ఆలోచించింది. పైనున్న రాళ్ళు ఎండను మట్టి దాకా పోనివ్వవు. పడిన నాలుగు చినుకులనూ ఆవిరి కానివ్వవు. మన నేల తీరు తెలిసిన మొక్కకు అంతకు మించి ఏం కావాలి? గూడ్సు వచ్చి వెళ్ళింది, గేటు తీశారు, వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, ఆమె ఇంకా అక్కడే ఉంది.

వానలు పడగానే పని మొదలుపెట్టింది. గునపంతో పట్టీ అంతా తవ్వి గుల్ల చేసింది. ఎరువు వేయలేదు. మెట్ట మొక్కలకు ఎరువు వేస్తే ఒళ్ళు పెంచుకుని ఎండకు నిలవవట. తంగేడు, కలబంద, నిమ్మగడ్డి, బిళ్ళగన్నేరు చిన్న చిన్న మొక్కలే తెచ్చి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా నాటింది. వేళ్ళు పట్టేదాకా చెంబుతో నీళ్ళు పోసింది. తరువాత రెండు వేళ్ళ మందాన సన్న కంకర పరిచి, నీళ్ళు మానేసింది.

మౌలాలి వచ్చి గడప దగ్గరే ఆగి చాలాసేపు చూశాడు. “ఏందక్కా, తోట ఏస్తాండావనుకుంటే సమాధి కట్టినావే,” అన్నాడు.

కాని ఆ సమాధి లేచి కూర్చుంది. చలికాలానికి తంగేడు గుబురుగా అయింది. శివరాత్రి నాటికి పచ్చగా పూసింది. బిళ్ళగన్నేర్ల మీద సీతాకోకచిలుకలు వాలాయి. పింఛనుదార్లు లోపలి కుర్చీలు వదిలి మెట్ల మీద కూర్చుని పేపర్లు చదవసాగారు. నీళ్ళు లేకుండా ఇదెలా సాధ్యమని అడిగిన ప్రతి మనిషికీ అలివేలు విసుగు లేకుండా మొదటి నుంచీ చెప్పేది. ఆ కొన్ని వారాలు ఆమె నిజంగా చాలా సంతోషంగా ఉంది.

గుట్టపాడు పురపాలక సంఘంలో రోడ్లు వేయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కంకర పరుస్తారు. తరువాత తారు రావాలి. కంకరకూ తారుకూ మధ్య ఎంతకాలమైనా పట్టవచ్చు. ఈలోగా కాంట్రాక్టరు మారతాడు, ఛైర్మన్ మారతాడు, కంకర సందుల్లో తంగేడూ కలబందా మొలుస్తాయి. ఊళ్ళో సగం వీధుల రూపం ఇదే. జనం వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవడం ఎప్పుడో అలవాటు చేసుకున్నారు. ఆ వేసవిలో పురపాలక సంఘం ఇలాంటి అసంపూర్తి రోడ్లను గుర్తించడానికి డ్రోన్ ఎగరేసింది. పైనుంచి చూసిన డ్రోనుకు గ్రంథాలయం ముందు ఒక పొడుగాటి కంకర పట్టీ, అందులో ఎడంగా తంగేడు మొక్కలు కనిపించాయి. ఊళ్ళో కనిపించిన తక్కినవాటికీ దీనికీ ఏ తేడా లేదు కనుక దీన్నీ రోడ్లలో చేర్చింది.

తరువాత అసిస్టెంట్ ఇంజనీరు మార్కండేయులు టేపు పట్టుకుని స్వయంగా వచ్చాడు. మర్యాదస్థుడు, గొంతెత్తి మాట్లాడడు. మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు రాళ్ళు తీసి చూశాడు. ఒకే సైజు, దుమ్ము లేదు, గుంత లేదు. తన ఉద్యోగ జీవితంలో ఇంత నాణ్యమైన కంకర పని చూడలేదని చెప్పి, కాంట్రాక్టరు ఎవరని అడిగాడు. తానే పరిచానని అలివేలు చెబితే ఆమె వంక గౌరవంగా చూశాడు.

“ఇది రోడ్డు కాద్సార్, తోట,” అంది అలివేలు.

“తోట అంటే ఏమిటో నిబంధనల్లో స్పష్టంగా ఉంది మేడమ్. కంటికి కనిపించే మట్టి, నీటి వసతి, మాలి. ఈ మూడింటిలో మీ దగ్గర ఏది ఉంది?”

మట్టి కంకర కింద ఉందనీ, నీళ్ళు అక్కర్లేకపోవడమే దీని గొప్పతనమనీ, మాలి తానేననీ ఆమె వివరించింది. ఆయన అంతా ఓపికగా విని, తల ఊపి, టేపు చుట్టాడు.

“కంకర పడితే రోడ్డే మేడమ్. సాంకేతికంగా మరో మాట లేదు.”

రోడ్డయితే ఇది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందని అలివేలు అడిగింది. ప్రతి రోడ్డూ ఎక్కడికో పోవాలని నియమమేమీ లేదనీ, తమ పరిధిలో ఎక్కడికీ పోని రోడ్లు ఇంకా చాలా ఉన్నాయనీ ఆయన ఆమెకు ధైర్యం చెప్పాడు. మరుసటి వారం ఆ పట్టీకి ఒక నంబరు వచ్చింది. చివర ఒక రాయి పాతి దాని మీద ఆ నంబరు రాశారు.

రోడ్డు అయ్యాక రోడ్డు మీద ఉన్నవాటి సంగతి చూడాలి కదా. ఆక్రమణల విభాగం వాళ్ళు వచ్చి ఒక్కో మొక్కకూ పురికొసతో ఒక్కో నోటీసు కట్టి వెళ్ళారు. ‘ఆక్రమణదారు: తంగేడు. ప్రజా రహదారిని అనధికారికంగా ఆక్రమించి నివసిస్తున్నట్లు మా దృష్టికి వచ్చినందున, తగిన సంజాయిషీ ఇచ్చుకోనిచో నిర్దాక్షిణ్యంగా తొలగించబడుదురు.’ కలబంద చుట్టూ పిలకలు వచ్చి ఉన్నందున దానికి కుటుంబ సమేతంగా ఆక్రమించినట్టు వేరే నోటీసు. పింఛనుదార్లు ఆ పూట పేపర్లు పక్కన పెట్టి వంగి వంగి అవే చదివారు. తంగేడు సంజాయిషీ తనే ఇచ్చుకోవాలా, వకీలును పెట్టుకోవచ్చా అన్నదాని మీద వాళ్ళలో వాదన నడిచింది.

అలివేలుకు నవ్వు రాలేదు. మొక్కలు పీకేస్తే పచ్చదనం పోతుంది. పచ్చదనం పోతే గ్రంథాలయం పోతుంది. ఆమె పురపాలక సంఘానికి వెళ్ళి మార్కండేయులు ఎదుట కూర్చుంది. ఎంత చెప్పినా తోట అన్న మాట ఆయన చెవికి ఎక్కదని అప్పటికే అర్థమైంది కాబట్టి, ఆ మాట ఎత్తలేదు. రోడ్డు మీద మొక్క చట్టబద్ధంగా ఉండాలంటే ఏదైనా దారి ఉందా అని మాత్రం అడిగింది. ఆయన ముఖం వికసించింది. ఇన్నాళ్ళకు ఈమె దారిలోకి వచ్చిందనుకున్నాడు.

“ఉంది మేడమ్. డివైడరు. డివైడరు మీద ఉన్న మొక్క ఆక్రమణ కాదు, సుందరీకరణ.”

రోడ్డు మొత్తం డివైడరు అయితే రోడ్డు ఏమవుతుందని ఆమెకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆయనకు రాని అనుమానం తనకెందుకని ఊరుకుంది. రెండు చేతులా దణ్ణం పెట్టి వచ్చింది. కూలీలు వచ్చి పట్టీ చుట్టూ సిమెంటు దిమ్మెలు పాతి, నలుపూ పసుపూ పట్టీలు కొట్టారు. రెండు చివరలా మెరిసే బిళ్ళలు అతికించారు. మెట్లకు ఎదురుగా ‘ఎడమ ప్రక్కగా పొండు’ అని బాణం గుర్తుతో ఒక బోర్డు నిలబెట్టారు. దాన్ని చూసి కొత్తగా వచ్చిన ఒకాయన గ్రంథాలయంలోకి రాకుండా ఎడమ పక్కగా పోయి టీ బంకులో తేలాడు. ఏమైతేనేం, తంగేడుకు నోటీసు పోయింది. అలివేలు కూలీలందరికీ తన తోట నిమ్మగడ్డితో టీ పెట్టి ఇచ్చింది.

వారం తిరగకుండా గ్రంథాలయం గోడ మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు వెలిశాయి. ఒకటి కిటికీ పక్కన, ఒకటి తలుపు మీద, ఒకటి లోపలికి వచ్చి మరీ డిటెక్టివు నవలల బీరువా వెనక. ఈసారి అలివేలు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తింది.

“డివైడరు అంటే విభజించేది మేడమ్,” అన్నాడు మార్కండేయులు అంతే మర్యాదగా. “రెండు వైపులా రోడ్డు ఉంటేనే విభజన సాధ్యం. ఒక వైపు వీధి ఉంది. రెండో వైపు రోడ్డు కనిపించడం లేదని ఆడిట్ వారి అభ్యంతరం.”

“రెండో పక్క గ్రంథాలయం ఉంది కద్సార్.”

“ప్రస్తుతానికి ఉంది.”

ఆ మాటకు అలివేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గదిని కాపాడుకోవడానికే కదా ఇంత చేసింది, తన చేత్తో పరిచిన కంకరే దాని మీదికి వచ్చింది. మార్కండేయులు రాతి గుండె మనిషేమీ కాదు. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు. నిబంధనల పుస్తకం తీసి ఆమె కోసం చాలాసేపు వెతికాడు. రోడ్డు మధ్య ఉండటానికి అనుమతి ఉన్న కట్టడాలు నాలుగే ఉన్నాయి. ట్రాఫిక్ పోలీసు గొడుగు, మహనీయుల విగ్రహం, ప్రజా మరుగుదొడ్డి, బస్సు షెల్టరు. వీటిలో ఏదైనా ఎంచుకుంటే తాను సానుకూలంగా పరిశీలిస్తానని మాట ఇచ్చాడు.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో పాఠకుల సమావేశం జరిగింది. అంత పెద్ద గది గొడుగు కాలేదని మొదటే తేలింది. విగ్రహమైతే దాన్ని ముట్టుకునే మగాడు పుట్టలేదని మౌలాలి గట్టిగా వాదించాడు. మంచి ఆలోచనే. కాని ఎవరి విగ్రహం అన్న దగ్గర ఒక్కో పింఛనుదారు ఒక్కో మహనీయుణ్ణి పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు మహనీయుల మధ్య కులం ప్రస్తావన రావడంతో అలివేలు ఆ చర్చను ఆపేసింది. మూడోది ఎవరూ ఎత్తలేదు. ఇక మిగిలింది బస్సు షెల్టరు.

షెల్టరుకు తలుపులు ఉండకూడదు కాబట్టి తలుపులు ఊడదీశారు. బల్లలు అప్పటికే ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది లేకపోయింది. బీరువాలను ‘ప్రయాణికుల సామాను భద్రపరచు స్థలం’గా చూపారు. గుమ్మం పైన ‘గ్రంథాలయం స్టాప్’ అని పెద్ద బోర్డు కట్టారు. గోడ మీది ఎర్ర గుర్తుల మీద సున్నం కొట్టించి మార్కండేయులు అలివేలును అభినందించాడు. పురపాలక పరిధిలో పుస్తకాలున్న షెల్టరు ఇదొక్కటేనట.

షెల్టరు కట్టాక అక్కడ ఎవరైనా ఎదురుచూస్తున్నారో లేదో బస్సు డిపో వాళ్ళు చూసుకోవాలి కదా. ఒక ఉద్యోగి వచ్చి మూలన కూర్చుని రోజంతా జనాన్ని గమనించాడు. ఏ బస్ స్టాపులోనూ ఇంత శాంతంగా, ఇంతసేపు, ఇంతమంది ఎదురుచూడటం అతను ఎరగడు. ఎవరూ డిపోను తిట్టలేదు. ఎవరూ వాచీ చూసుకోలేదు. మూల బల్ల దగ్గరి సరళ అనే అమ్మాయిని పలకరించి, ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నావమ్మా అని అడిగాడు.

“డిగ్రీ అయినప్పటి నుంచి సార్,” అంది ఆమె, పుస్తకంలోంచి తలెత్తకుండా.

అతను చలించిపోయాడు. ఆ నివేదిక చదివి డిపో మేనేజరూ చలించిపోయాడు. చదువుకున్న ఆడపిల్లలు ఏళ్ళ తరబడి బస్సు కోసం నోరెత్తకుండా కూర్చున్నారంటే అది డిపోకే మచ్చ అన్నాడు. వెంటనే ఒక బస్సు మంజూరు చేశాడు. చిక్కల్లా ఎక్కడికన్నదే. కొత్త బస్సు ఆమోదం పొందిన షెల్టరు నుంచి ఆమోదం పొందిన షెల్టరుకే నడవాలని నియమం. గుట్టపాడులో తక్కిన షెల్టర్లలో ఒకటి కూరగాయల కొట్టయింది, ఒకటి పార్టీ ఆఫీసయింది. ఆమోదం ఉన్నది గ్రంథాలయం స్టాపు ఒక్కటే. అందువల్ల బస్సు ముందు బోర్డు మీద ‘గ్రంథాలయం నుండి గ్రంథాలయం వరకు’ అని రాశారు. నడుమ అది ఊరంతా ఒక చుట్టు తిరుగుతుంది.

మొదటి రోజు బస్సు వచ్చి డివైడరు పక్కన ఆగింది. కండక్టరు విజిలు వేశాడు. ఒక్కరూ కదల్లేదు. ఎక్కేవాళ్ళు లేకపోతే స్టాపు రద్దు చేస్తామని అతను అలివేలుకు మెల్లగా చెప్పాడు. స్టాపు రద్దయితే షెల్టరు ఉండదు. షెల్టరు కాకపోతే గోడ మీద మళ్ళీ ఎర్ర గుర్తులే. అలివేలు లోపలికి వెళ్ళి ఒక్కొక్కరినీ బతిమాలి లేపింది. హంతకుడు దొరకడానికి ఇంకా నాలుగే పేజీలున్నాయని మౌలాలి మొరాయించాడు. పుస్తకంతో సహా ఎక్కించింది. అందరూ పుస్తకాలతోనే ఎక్కారు. బస్సు ఊరంతా తిరిగి వచ్చింది, అందరూ దిగి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. కుదుపుల్లో లెక్కలు చేయడం కష్టమే గాని, జనరల్ నాలెడ్జి బాగానే ఎక్కుతోందని ఆడపిల్లలు చెప్పారు. రోజూ ఇదే వరస అయింది.

ఈ గొడవలన్నిటి నడుమ అసలు తనిఖీ వచ్చి పడింది. జిల్లా గ్రంథాలయ అధికారి శేషఫణి జీపు దిగినప్పుడు తంగేడు పసుపు ముద్దలా ఉంది. అలివేలు తన తోటను చూపించింది. శేషఫణి చూశాడు, బాగుందన్నాడు. కాని ఆయన మనసు అక్కడ లేదు. ప్లాస్టిక్ గడ్డివాళ్ళూ, పచ్చ రంగువాళ్ళూ, పెళ్ళి కుండీలవాళ్ళూ అందరూ నూటికి నూరు తెచ్చుకున్నారు. విలీనం చేయడానికి జిల్లాలో ఒక్క గ్రంథాలయమూ మిగల్లేదు. పైనుంచేమో విలీనాలు ఏవని రోజూ ఫోను. ఒక్కటైనా చూపించకపోతే పథకం విఫలమైనట్టే.

ఆయన కాగితాలు తిరగేశాడు, సిమెంటు దిమ్మెల వైపు చూశాడు, నిట్టూర్చాడు.

“ఈ హరితం రహదారుల విభాగానిదమ్మా. డివైడరు మీ గ్రంథాలయానిది కాదు. మీ ముఖద్వారం దగ్గర మీకంటూ పచ్చదనం శూన్యం. మీకు అసలు తలుపే లేదు. విచారంతో చెబుతున్నాను, ఈ గ్రంథాలయాన్ని విలీనం చేయక తప్పదు.”

అలివేలు గోడకు ఆనుకుంది. ఎక్కడ కలుపుతారని మాత్రం అడిగింది. పాఠకుల సౌకర్యమే పథకానికి ప్రాణమని శేషఫణి వివరించాడు. ఇంటి ముందు బస్సెక్కితే నేరుగా ఏ గ్రంథాలయం గుమ్మంలో దించుతుందో అందులోనే కలపాలట. చెన్నాపురానికి ఇక్కడి నుంచి నేరుగా బస్సు ఉందా అని అడిగాడు. లేదంది. మరి ఏ గ్రంథాలయానికి ఉంది అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే బస్సు వచ్చి ఆగింది. శేషఫణి దాని బోర్డు చదివాడు. గ్రంథాలయం వరకు. ఆయన ముఖం విచ్చుకుంది. ప్రయాణ సౌకర్యం స్వయంగా పరిశీలించాలని చెప్పి, పాఠకులతో పాటు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఖాళీ గదిలో అలివేలు ఒక్కతే నిలబడి బీరువాల వంక చూసుకుంది. ఏ పుస్తకం ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఏడుపు ఆపుకోలేకపోయింది.

బస్సు ఊరు చుట్టి వచ్చింది. శేషఫణి అందరికన్నా ముందు దిగి, గుమ్మంలో నిలబడి, కొత్త చోటికి వచ్చిన మనిషిలాగా నాలుగు వైపులా పరికించాడు.

“ఇది ఏ గ్రంథాలయం?” అని అడిగాడు.

అలివేలు ఆయన ముఖం చూసింది. వేళాకోళం లేదు. ఆయన కాగితం తీసి, కలం మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. చేర్చుకునే గ్రంథాలయాన్ని తనిఖీ చేయడం పథకంలో తదుపరి అంశం. ఆమె కళ్ళు తుడుచుకుని, చీర సర్దుకుంది.

“గుట్టపాడు శాఖా గ్రంథాలయం సార్.”

“ఇక్కడికి పాఠకులు వస్తే కూర్చోవడానికి చోటు చాలుతుందా?”

బస్సు దిగినవాళ్ళు అప్పటికే ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చుంటున్నారు. చాలుతుందని అలివేలు చెప్పింది. వచ్చే పుస్తకాలకు బీరువాలు సరిపోతాయా అంటే, కొలిచి చేయించినట్టు సరిపోతాయంది. ఆయన సంతృప్తిగా రాసుకున్నాడు.

“సిబ్బంది దగ్గరే చిక్కు వస్తుందమ్మా. అక్కడున్నావిడా, ఇక్కడున్నావిడా ఒకే చోట పనిచేయాలి. పొసగక పిటిషన్లు పెట్టుకుంటారు.”

“ఆమెతో నాకేం పేచీ లేద్సార్. సర్దుకుంటాం.”

జిల్లాలో తొలి విలీనం నిర్విఘ్నంగా జరిగింది. గుట్టపాడు శాఖా గ్రంథాలయాన్ని, నేరుగా బస్సు సౌకర్యం గల గుట్టపాడు శాఖా గ్రంథాలయంలో విలీనం చేయడమైనదని శేషఫణి అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, ముద్ర కొట్టి, పాఠకులెవరికీ అసౌకర్యం కలగలేదని నిర్ధారించుకుని జీపెక్కాడు. వెళుతూ వెళుతూ, ఇంత సహకరించిన ఊరు ఇంకొకటి లేదని మెచ్చుకున్నాడు.

జీపు మలుపు తిరిగేదాకా అలివేలు గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వచ్చేసరికి మూల బల్ల దగ్గర పిల్లలంతా పుస్తకాలు మూసి, సంచులు సర్దుకుని, ఆమె వైపే చూస్తున్నారు. సరళ లేచి నిలబడి, కలిపేసినారా అక్కా అని అడిగింది.

“కలిపేసినారు,” అంది అలివేలు. “కూసోండి, చదువుకోండి.”